ముఖం కొట్టిన అచ్చులు

గుడివాడలో స్టీలు సామాన్ల కొట్టు గుమ్మం పక్కన పీట వేసుకుని, ఎవరిదో పెళ్ళి బిందె మీద పేరు చెక్కుతూ నా మేనకోడలు ఝాన్సీలక్ష్మి నా కంట పడింది. అమెరికా డాక్టర్లు మాట్లాడిన టేపులు వింటూ కంప్యూటరు మీద టైపు చేసే ఉద్యోగంలో ఉందని చిలకలపూడిలో మా వీధి వీధంతా నమ్ముతున్న పిల్ల అది. ఆ పని నేర్పిన ఇన్‌స్టిట్యూట్‌కి తాళం పడి ఏడాది దాటిందనీ, ఉద్యోగమన్నది అసలు రానే లేదనీ, బిందె మీద ఇంటిపేరు పూర్తయ్యేదాకా తల ఎత్తకుండానే చెప్పింది. నాన్నకి నేనే చెప్పుకుంటాను మావయ్యా, నువ్వు ముందు నోరు జారకు అంది. సరేనన్నాను. ఇద్దరం మధ్యాహ్నం బందరు ప్యాసింజరు ఎక్కాం.

ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని కూర్చుంది. అందులో ఏదో బరువైనది ఉంది. పైన పెడతాను ఇవ్వమంటే ఇవ్వలేదు. కిటికీలోంచి రొయ్యల చెరువులు కనిపిస్తున్నాయి, సగం ఎండిపోయి, గట్లు తెగిపోయి. ఒకప్పుడు వీటి గురించి కూడా ఇలాగే చెప్పారు. వరి మానేసి చెరువు తవ్వుకోండి, రాబోయే కాలమంతా దీనిదే అన్నారు. చెప్పినవాళ్ళెవరూ ఇప్పుడు ఆ గట్ల మీద లేరు. తవ్వినవాళ్ళే ఉన్నారు.

పెడన దాటాక ఝాన్సీ నోరు విప్పింది. బందరు లాల్ సాహెబు గారు ఈమధ్య ఏదో పని మీద వాళ్ళ కొట్టుకొచ్చారట. ఆయన చిలకలపూడి రోల్డుగోల్డు నగలు పోగుచేసి మద్రాసు పంపించే మనిషి. ఈ పిల్ల చెక్కిన అక్షరాల చుట్టూ ఉన్న లత చూసి, ఎవరమ్మాయివమ్మా నువ్వు అని అడిగారట. నగల రేకు కొట్టే అచ్చులు చెక్కే అంకమ్మరావు కూతుర్నని చెప్పగానే అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చున్నారట. మీ నాన్న చెక్కిన హంస జడబిళ్ళ అచ్చు ఇంకా ఉందా, ఉంటే డాన్సు నగల పని మొత్తం మీ ఇంటికే ఇస్తాను, మిషను మీద కొట్టిన హంసలన్నీ బాతుల్లా ఉన్నాయని మద్రాసు వాళ్ళు ఏడుస్తున్నారు అన్నారట.

"నేను ఈ పనే చేస్తాను మావయ్యా. పరాయివాళ్ళ బిందెల మీద పేర్లు చెక్కడం కాదు, నాన్న పని. నాన్న పక్కన పీట వేసుకుంటాను. అంతకంటే నాకేమీ వద్దు," అంది.

ఆ మాట అన్నప్పుడు దాని ముఖంలో వెలుగు చూసి నాకు భయం వేసింది. ఎందుకో అప్పుడు తెలియలేదు. ఏడో తరగతిలో బడి మానేసి నగలకి బంగారు పూత వేసే తొట్టెల దగ్గర జీవితం వెళ్ళదీసినవాణ్ణి, నాకు ముందుచూపు ఎక్కడిది? ముందుచూపు ఉన్నవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళ గురించి చెబుతాను.

చిలకలపూడిలో దిగి ఇంటికెళ్ళేసరికి మా నాంచారమ్మక్క వసారాలో చాప మీద గొలుసుల కుప్ప ముందేసుకుని కొక్కేలు తగిలిస్తోంది. కూతుర్ని చూసి ఒళ్ళోని గొలుసులన్నీ కింద పడేసుకుని లేచింది. అంకమ్మరావు బావ లోపల పడుకుని ఉన్నాడు. గిలకలదిండి దగ్గర ఐసు ఫ్యాక్టరీలో రాత్రి కాపలా ఆయనది. ఖాకీ చొక్కా మేకుకి వేలాడుతోంది. ఒకప్పుడు ఆ మేకుకి అచ్చుల పనిలో కట్టుకునే తోలుగుడ్డ వేలాడేది.

కూతురి గొంతు విని బావ లేచి వచ్చాడు. లుంగీ బిగించుకుంటూనే ప్రహరీ గోడ అవతలి ఏసుపాదానికి వినపడేలా, ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగాడు.

"ఏమ్మా, అమెరికా వాళ్ళకి ఈ వారం ఏం జబ్బులంట?"

ఈ ప్రశ్నకి ఝాన్సీ ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పేది. ఒకసారి అందరికీ మోకాళ్ళ నెప్పులంట అంది, ఒకసారి తిన్నది అరగట్లేదంట అంది. ఏసుపాదం గోడ మీంచి తల పెట్టి, మన బందరు హల్వా పంపించండి అరుగుతుంది అనేవాడు. బావ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వేవాడు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ జబ్బులన్నీ ఈ పిల్ల గుడివాడ కొట్లో కూర్చుని కల్పించుకుని, బస్సులో వల్లెవేసుకుంటూ వచ్చేదన్నమాట.

ఈసారి లోపలికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చి ఆయన ముందు కింద కూర్చుంది. కుడిచెయ్యి చాపి ఆయన చేతిలో పెట్టింది.

ముప్పై ఏళ్ళు ఉక్కు మీద ఉలి నడిపిన మనిషికి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. మొదట ముద్దుగా పట్టుకున్నాడు. తర్వాత మధ్యవేలి పక్కన బొటనవేలితో రాశాడు. అక్కడ కాయ కాసి ఉంది. మళ్ళీ రాశాడు. తన చెయ్యి తిప్పి, తన మధ్యవేలి పక్కన ఉన్న పాత కాయ చూసుకున్నాడు. గోడ అవతల ఏసుపాదం ఇంకా జవాబు కోసం నిలబడే ఉన్నాడు. బావ అతని వైపు చూసి, తర్వాత మాట్లాడదాం వెళ్ళవయ్యా అన్నాడు.

"ఇది టైపు కొట్టే వేలు కాదు," అన్నాడు కూతురితో.

"కాదు నాన్నా."

అంతా చెప్పింది. ఇన్‌స్టిట్యూట్ మూసేసిన రోజు బయట నిలబడ్డ పిల్లల సంగతి, ఉద్యోగానికి హైదరాబాదు పిలుస్తామని చెప్పి ఎవరూ పిలవని సంగతి, తిరిగొస్తే వీధిలో నాన్న తలెత్తుకోలేడని స్టీలు కొట్లో చేరిన సంగతి. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావ కోప్పడతాడేమోనని నేను చూస్తున్నాను. ఆయన కోప్పడలేదు. కూతురి చెయ్యి వదలకుండా, ఏ కొట్టు, ఎవరిది, ఎండలో కూర్చోబెడతారా అని అడిగాడు. గుమ్మం పక్కనేలే నాన్నా, పైన రేకులున్నాయి అంది. ఆ రేకుల మాట వినగానే బావ ముఖం తిప్పేసుకున్నాడు.

అక్కడితో ఆ ఏడుపు అయిపోయి ఉంటే బాగుండేది.

ఝాన్సీ కళ్ళు తుడుచుకుని లాల్ సాహెబు గారి మాట ఎత్తింది. చెబుతుంటే దాని గొంతు మళ్ళీ తేలికపడింది. పోయిన ఉద్యోగం పోయింది నాన్నా, నాకు నీ పని నేర్పు, నువ్వు ఆ ఖాకీ చొక్కా తీసేయ్, ఇద్దరం పక్కపక్కన కూర్చుందాం అంది. నీ పెట్టె తియ్యి, ముందు హంస చూపించు అంది.

బావ కదల్లేదు. ఆ హంస ఇప్పుడు లేదులే అమ్మా అన్నాడు. ఎవరికైనా ఇచ్చావా అంది. లేదన్నాడు. అమ్మేశావా అంది. లేదన్నాడు. మరి పెట్టెలోనే ఉంటుందిగా అని నవ్వుతూ లేచి, గదిలోకి వెళ్ళి మంచం కింద నుంచి టేకు పెట్టె బయటికి లాగింది. వద్దని బావ ఒక్కసారి అన్నాడు. గట్టిగా అనలేదు. ఇప్పటికీ నాకు అదే గుర్తు. గట్టిగా అని ఉంటే అది ఆగేది.

పెట్టె మూత తీసింది. పైన గోనెగుడ్డ, గుడ్డకి నూనె. తుప్పు పట్టకుండా నూనె గుడ్డ కప్పి ఉంచాడు ఇంకా. ఆ గుడ్డ తీసి ఒక అచ్చు చేతిలోకి తీసుకుంది. అది మామిడిపిందె అచ్చు. మామిడిపిందె మీద అడ్డంగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా, లోతుగా ఉలి దెబ్బ. అది కింద పెట్టి ఇంకోటి తీసింది. చెవి గంటీల అచ్చు. దాని మీదా అదే దెబ్బ. తర్వాత నిదానంగా చూడటం మానేసి ఒక్కొక్కటే తీసి నేల మీద పెడుతూ పోయింది. వడ్డాణం బిళ్ళ, చెంపస్వరాలు, సూర్యుడు, చంద్రుడు. ప్రతిదాని ముఖమూ చీరేసి ఉంది. అచ్చుల్లో అన్నిటికంటే అడుగున హంస. దాని మెడ దగ్గర రెండు దెబ్బలు పడి ఉన్నాయి. మొదటిది పక్కకి జారి ఉంటుంది.

అక్క గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఆ పెట్టె పక్కనే పడుకుంటున్న మనిషి, ఆవిడకీ తెలియదు.

తెలియని వాళ్ళ కోసం చెప్పాలి. బావ వాళ్ళ ఇంట్లో తాతల నాటి పద్ధతి ఒకటుంది. అచ్చులు చెక్కేవాడు పని మానుకుంటే వాటిని అమ్మడు, ఎరువివ్వడు. వారసుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క అచ్చే చూపిస్తూ, ఇది నీకు కావాలా అని అడుగుతాడు. కావాలంటే ఇక అది ఆ పిల్లవాడిది. వద్దంటే దాని మీద అడ్డంగా ఉలి పెట్టి కొట్టేస్తాడు, ఎవడో చేతకానివాడి కింద పడి పాడు రేకులు తియ్యకుండా. దాన్నే ముఖం కొట్టడం అంటారు. బావని ఆయన తండ్రి అలాగే అడిగాడట. బావ ఒక్కదానికి కూడా వద్దనలేదట. కావాలన్న మాట చెవిన పడ్డాక ఉలి కింద పెట్టేయాలి. ఆ ఇంట్లో ఇంతవరకూ ఆ మాట దాటినవాడు లేడు.

ఝాన్సీకి ఇదంతా తెలుసు. పెట్టె ముందు అలాగే మోకాళ్ళ మీద ఉండి తండ్రి వైపు తిరిగింది.

"నన్ను అడగలేదే నాన్నా."

"అడిగితే కావాలంటావు."

వసారాలో కోడి ఒకటి వచ్చి గొలుసులు పొడుస్తుంటే అక్క దాన్ని అదిలించలేదు.

ఎప్పుడు కొట్టావు బావా అని నేనే అడిగాను. మోపిదేవి వెళ్ళొచ్చామే, ఆ మర్నాడు అన్నాడు. అప్పుడు నాకు తెలిసింది.

మూడేళ్ళ కిందటి సంగతి అది. బావా నేనూ మోపిదేవి సుబ్బారాయుడి దర్శనం చేసుకుని తిరిగొస్తూ చల్లపల్లిలో బస్సు కోసం నిలబడ్డాం. పక్కన కళ్యాణమంటపంలో మీటింగు. రాబోయే పదేళ్ళలో ఏ ఉద్యోగాలు పెరుగుతాయి, ఏవి తగ్గుతాయి, మీ పిల్లల్ని ఎందులో చేర్చాలి అని బ్యానరు కట్టారు. ఫ్యాన్లున్నాయి కదా కాసేపు కూర్చుందాం అన్నాను నేను. పూర్ణచంద్రరావు గారని కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమనిషి, గోడకి పెద్ద పటం తగిలించి కర్రతో చూపిస్తున్నారు. పెరిగే ఉద్యోగాల పక్కన పచ్చ బాణం పైకి, తగ్గేవాటి పక్కన ఎర్ర బాణం కిందికి. కంప్యూటరు పైకి. డాక్టర్ల మాటలు టైపు చేసే ఉద్యోగం అన్నిటికంటే పైకి, ఎంతమంది వచ్చినా చాలరన్నారు. నర్సు పైకి. సెక్యూరిటీ గార్డు పైకి. మామూలు టైపిస్టు కిందికి, మగ్గం కిందికి, బంగారప్పని కిందికి.

ఆయన చెడ్డవాడని నేను అనను. గొంతు మంచిది. పిల్లల మీద ప్రేమతోనే చెబుతున్నట్టుంది. చివర్లో ఎవరికైనా సందేహాలుంటే అడగమన్నారు. అంతమందిలో బావ లేచాడు. పెళ్ళిలో కూడా మాట పెగలని మనిషి.

"మా పని ఎక్కడుందండీ అందులో?"

మీదేం పని అని ఆయన అడిగారు. రోల్డుగోల్డు నగలకి అచ్చులు చెక్కుతామండీ అన్నాడు బావ. పూర్ణచంద్రరావు గారు కళ్ళజోడు సవరించుకుని పటం పైనుంచి కిందికి వెతికారు. నిజంగానే వెతికారు పాపం. కడకి కర్ర అన్నిటికంటే అడుగున ఆనించి, "మీరు ఇతరములలోకి వస్తారండీ," అన్నారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత మంటపం అంతా నవ్వింది. ఇతరములు అన్న గడి పక్కన బాణం లేదు. పైకీ లేదు, కిందికీ లేదు. మగ్గం వాళ్ళకి కనీసం ఎర్ర బాణమన్నా వేశారు, పోతారని చెప్పడానికైనా లెక్కలోకి తీసుకున్నారు. బావ కూర్చున్నాడు. చిలకలపూడి దాకా బస్సులో ఇస్తుంటే చెయ్యి చాపలేదు. మోపిదేవి ప్రసాదం నా చేతిలోనే మిగిలిపోయింది.

ఆ నెలలోనే కూతుర్ని గుడివాడలో చేర్చాడు. తను వెళ్ళి ఐసు ఫ్యాక్టరీ కాపలాలో చేరాడు. పటంలో పచ్చ బాణం ఉన్న పని కదా అది. మా ఇంట్లో వాళ్ళకి సంబంధించి ఆ పటం చెప్పినవాటిలో నిజమైంది అదొక్కటే.

"ఎవరో నవ్వారని కొట్టేశావా?" అంది ఝాన్సీ.

"వాళ్ళు నవ్వితే నాకేంటమ్మా. అచ్చులుంటే నీ చూపు వెనక్కే ఉంటుంది. చిన్నప్పుడు చూశాను కదా నిన్ను, బడినుంచి వచ్చి పుస్తకాలు అవతల పారేసి నా పీట దగ్గరే ఉండేదానివి. వెనక్కి దారి లేకుండా చేస్తే ముందుకే పోతావనుకున్నాను."

"ముందుకే వెళ్ళాను నాన్నా. అక్కడ ఏమీ లేదు."

నాకైతే ఆ నిమిషంలో చల్లపల్లి వెళ్ళి ఆ పెద్దమనిషిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఈ గదిలో కూర్చోబెట్టాలనిపించింది. నేల మీద పరిచిన అచ్చులు చూపించి, ఈ పిల్లకి ఇప్పుడు ఏ బాణం వేస్తారండీ అని అడగాలనిపించింది. కానీ ఆయన్ని అని ఏం లాభం? ఫ్యాన్ల కింద కూర్చుందామన్నది నేను.

ఝాన్సీ లేచింది. వెళ్ళిపోతుందేమోనని అక్క అడ్డం వచ్చింది. అది వెళ్ళలేదు. వసారాలోకి వెళ్ళి చేతిసంచి తెచ్చుకుని, రైల్లో నాకు ఇవ్వని బరువు బయటికి తీసింది. పాత తువ్వాల్లో చుట్టిన ఉక్కు దిమ్మ. విప్పి తండ్రి ముందు పెట్టింది.

హంస. జడబిళ్ళ హంస.

కొట్టు కట్టేశాక సాయంత్రాలు కూర్చుని చెక్కానని చెప్పింది. చూసి చెక్కడానికి అక్కడ ఏమీ లేదు, చిన్నప్పుడు వేలితో తడిమింది గుర్తుచేసుకుని చెక్కానంది. "మెడ ఒంపు సరిగా రాలేదనిపించింది. పాతదాని పక్కన పెట్టి దిద్దుకుందామని వచ్చాను," అంది. పాతది అక్కడే నేల మీద రెండు దెబ్బలతో పడి ఉంది.

బావ ఆ దిమ్మ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన ఏ అచ్చు మంచీచెడ్డా అయినా ఒకే రకంగా చూస్తాడు. రేకు వేసి కొట్టడు, సీసం ఒత్తి చూడడు. బొటనవేలితో గట్టిగా ఒత్తి, వేలి మీద పడ్డ గుర్తు వెలుతురులోకి పట్టి చూస్తాడు. ఇప్పుడూ అలాగే ఒత్తాడు. వేలు తీసి కిటికీ వైపు తిప్పాడు. నేను పక్కనుంచి తొంగి చూశాను. ఆయన వేలి మీద హంస కూర్చుని ఉంది, ముక్కు దగ్గర తామరకాడతో సహా. మెడలో వంక పెట్టడానికేమీ లేదు.

వేలి మీద ఆ గుర్తు పూర్తిగా మాసిపోయేదాకా చూస్తూనే ఉన్నాడు, కళ్ళ నీళ్ళు కారుతుంటే. బావ ఏడవడం నేను వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా చూడలేదు. మెచ్చుకుంటాడని ఝాన్సీ ఎదురుచూస్తోంది. దాని ముఖం అయిదో ఏట పలక చూపించినప్పటి ముఖంలా ఉంది.

బావ పెట్టెలో చెయ్యి పెట్టాడు. అడుగున వెడల్పు మూతి ఉలి ఒకటి మిగిలి ఉంది, సుత్తి ఉంది. అది చెక్కే ఉలి కాదు, ముఖం కొట్టే ఉలి. దిమ్మని నేల మీద ఆనించి, ఆ ఉలిని హంస మెడ మీద అడ్డంగా పెట్టాడు.

"బావా," అన్నాను. ఆయనకి వినపడలేదు.

"ఇది నీకు కావాలా?" అని కూతుర్ని అడిగాడు. మూడేళ్ళ కిందట అడగాల్సిన మాట.

"కావాలి," అంది ఝాన్సీ.

ఇక ఉలి కింద పెట్టేయాలి. వాళ్ళ తాత అయినా, ముత్తాత అయినా పెట్టేసేవాడు.

బావ పెట్టలేదు. ఉలి పట్టుకున్న చెయ్యి అక్కడే ఉంది. "ఇంత బాగా చెక్కావేమే తల్లీ, ఇది ఉంటే నువ్విక ఇక్కణ్ణుంచి కదలవు," అన్నాడు. సుత్తి పైకెత్తాడు.

ఝాన్సీ ముందుకి వంగి, ఉలి మూతికీ హంసకీ మధ్య తన కుడిచెయ్యి పెట్టింది.